ముందు మైకు కొనండి

మొన్న నల్లగొండలో ఓ మిత్రుడు తీసిన లఘుచిత్రం చూశాను. వలసపోయి తిరిగొచ్చిన అచ్చంపేట ముసలమ్మ కథ. ఫోన్‌తోనే తీశాడు. పొద్దుగూకే వేళ ఆమె చెరువుకట్ట మీద నడిచొస్తుంటే, ఇది ఫోన్ పని అని ఎవరూ అనరు. ఆమె నోరు తెరిచింది. వచ్చింది ఆమె గొంతు కాదు. షూటింగ్‌లో మాటంతా బోరు మోటర్ మింగేస్తే హైదరాబాద్‌లో ఎవరితోనో డబ్బింగ్ చెప్పించాడట. ముసలమ్మ టీవీ సీరియల్ అత్తలా మాట్లాడుతుంటే సినిమా అక్కడే పడిపోయింది.

సినిమా తీస్తానన్న కుర్రాడు మన దగ్గర మొదట అడిగేది ‘ఏ కెమెరా కొనాలన్నా’ అనే. ఆ ప్రశ్నకు కాలం చెల్లి చాలా ఏళ్లైంది. 2015లో అమెరికాలోని సన్‌డాన్స్ సినిమా ఉత్సవంలో చూపిన ‘టాంజెరిన్’ అనే సినిమాను ఐఫోన్ 5ఎస్‌తో తీశారని అందరం చెప్పుకుంటాం. మాటల్ని మాత్రం సౌండ్ రికార్డిస్టును పెట్టుకుని వేరే పరికరాలతో పట్టారన్నది ఎవరికీ గుర్తుండదు.

బొమ్మ వరకు ఇప్పుడు దాదాపు అన్నీ ఉచితం. వీడియో తీసే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఐఫోన్‌కు 2023లో, ఆండ్రాయిడ్‌కు 2024లో వచ్చింది. వెలుగు, రంగు, ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని బొమ్మలన్నది) మధ్యలో మారకుండా బిగించుకోవచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్, అంటే ఒక్కో బొమ్మకు వెలుగు పట్టే సమయం, సెకనులో 1/50వ వంతు దగ్గర పెడితే ట్యూబ్‌లైటు కింద చారలు పాకవు. ఎడిటింగ్‌కు డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ అల్ట్రా హెచ్‌డీ దాకా ఇస్తుంది. అయితే గోలలోంచి గొంతును వేరుచేసే ‘వాయిస్ ఐసొలేషన్’ 295 డాలర్ల స్టూడియో వెర్షన్‌లోనే ఉంది. అది కొన్నా, మోటర్ చప్పుడులో మునిగిన మాట డబ్బాలోంచి వచ్చినట్టే ఉంటుంది.

మన వైపు అసలు గొంతు పోవడం మామూలు నష్టం కాదు. నారాయణపేట దిక్కు మాటలో కన్నడం కలుస్తుంది. గద్వాలలో సీమ పలుకు తగులుతుంది. దేవరకొండ తండాల్లో వాక్యం మధ్యలోనే తెలుగులోంచి లంబాడీలోకి దాటిపోతారు. ఇవి స్క్రిప్టులో రాసుకునేవి కావు, మనిషి నోట్లోంచి వస్తుండగానే పట్టుకోవాలి. పెదాలకు సరిపోయేలా అదే మాట రెండోసారి చెప్పడం నటులకే కష్టం, పత్తిచేను నుంచి నేరుగా షూటింగ్‌కు వచ్చిన మనిషికి ఎలా కుదురుతుంది?

కాబట్టి నాలుగు పైసలు చేరితే ఫోన్ మార్చకండి. కాలర్ మైకు కొని నోటికి జానెడు దూరంలో పెట్టండి, గాలికి బొచ్చు తొడుగు వేయండి. తర్వాత జూమ్ హెచ్1 ఎసెన్షియల్ లాంటి 32-బిట్ ఫ్లోట్ రికార్డర్ చూడొచ్చు. చిన్న చప్పుడునూ పెద్ద చప్పుడునూ చెడకుండా పడుతుంది కాబట్టి, గుసగుస వెంటనే అరుపొచ్చినా శబ్దం లెవెల్ తర్వాత సరిచేసుకోవచ్చు. రేకుల ఇంట్లో మాట మోగుతుంటే పాలమూరులో దానికి మందు ఎప్పటినుంచో ఉంది: గొంగడి. నాలుగు గొంగళ్లు దండెం మీద వేస్తే స్టూడియో గోడల స్పాంజికి తీసిపోవు. మంచి లెన్సు, లైట్లు తప్పదనుకుంటే పెళ్లి ఫొటోల స్టూడియోలో అడగండి. ఆషాఢంలో, మూఢాల్లో వాళ్ల సామానంతా బీరువాలోనే ఉంటుంది, కిరాయి తగ్గించి మాట్లాడుకోవచ్చు.

ఇక ఆ మోటర్ సంగతి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు వచ్చింది. రైతుకు మేలే, సౌండ్ పట్టేవాడికి మాత్రం ఊళ్లో సద్దుమణిగే వేళంటూ లేకుండా పోయింది. ముందురోజే చుట్టుపక్కల పొలాలోళ్లను కలిసి, ఏ మోటర్ ఎప్పుడు నడుస్తుందో కనుక్కుని, ‘అన్నా, ఓ అరగంట బంద్ పెడ్తవా’ అనడం తప్ప దారి లేదు. నువ్వు అడిగావా అంటే మా మిత్రుడు తల గోక్కున్నాడు. ‘తెల్వని మనిషి, ఏమనుకుంటడోనని అడగలే’ అన్నాడు.