అగ్నిదేవుడికి గ్యాస్ కనెక్షన్

బయల్దేరేటప్పుడు మా ఆవిడ మూడుసార్లు అడిగింది, గ్యాస్ కట్టేశారా అని. లిఫ్టులో ఒకసారి, క్యాబ్‌లో ఒకసారి, శంషాబాద్‌లో సెక్యూరిటీ లైన్లో బెల్టు విప్పుతుంటే ఇంకోసారి. రెగ్యులేటర్ కూడా తిప్పేశానని మూడుసార్లూ ఓపిగ్గానే చెప్పాను. అలా ఇంట్లో గ్యాస్ కట్టేసి, మూడున్నర వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి, అజర్‌బైజాన్‌లో వెలుగుతున్న గ్యాస్ మంటను టికెట్ కొనుక్కుని చూసి, దణ్ణం పెట్టుకుని వచ్చాం. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. కొండంత దేవుడు ఇంట్లో పటంలో ఉన్నా తిరుపతి వెళ్లట్లేదా?

బాకు నగరం శివార్లలో సురఖాని అనే చోట ఉంది ఆ గుడి. పేరు ఆతెష్‌గాహ్, అంటే పారశీకంలో అగ్ని ఉండే చోటు. దారి పొడవునా చమురు తోడే యంత్రాలు తలకాయ పైకీ కిందికీ ఊపుతూ కనిపిస్తాయి. సన్నాయి ఒక్కటే తక్కువ, లేకపోతే అచ్చం గంగిరెద్దులే. భూమిలో ఇంకా ఉందా అని ఎవరో అడుగుతున్నట్టూ, ఉంది ఉంది అని అవి తలాడిస్తున్నట్టూ ఉంటుంది. ఆ గంగిరెద్దులకీ గుడిలోని దేవుడికీ మధ్య ఏం జరిగిందన్నదే ఈ వ్యాసం. ఆరోపణ అనుకునేరు, అభినందన.

గుడి అయిదు మూలల ప్రాకారం. గోడ పొడవునా గుహల్లాంటి చిన్న గదులు, ఒకప్పుడు సాధువులూ బాటసారులూ ఉండేవి. ఇప్పుడు సాధువుల బొమ్మలు ఉంటున్నాయి. మనుషుల కంటే బొమ్మలు నయం, తిండి అడగవు, మ్యూజియం మూసే వేళకి గొడవ చెయ్యవు. ప్రాకారం నడుమ నాలుగు స్తంభాల మండపం, నెత్తిన త్రిశూలం, కింద గుంటలో రాళ్ల మధ్య మంట. కాస్పియన్ సముద్రం మీంచి వచ్చే గాలికి ఆ మంట ఒక పక్కకి వాలిపోయి, మళ్లీ లేచి, మళ్లీ వాలుతోంది. దగ్గరికి వెళ్తే కట్టె వాసన లేదు, నెయ్యి వాసన లేదు, పొగ అసలే లేదు. చెవి పెట్టి వింటే బుస్సుమనే ఒక సన్నని చప్పుడు. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. పాలు పొంగే ముందు మా వంటింట్లో పెద్ద బర్నర్ చేసే చప్పుడది.

మా టూర్ బృందంలో ఒక రిటైర్డ్ హిందీ టీచరుగారు ఉన్నారు. చిన్నప్పుడు హిందీ ప్రచార సభ వాళ్ల పరీక్షలు ప్రాథమిక నుంచి ప్రవీణ దాకా వరసగా పాసైన మనిషి. డెబ్బయ్యేళ్ల వయసులో ఆ చదువు ఇలా పనికొస్తుందని ఆవిడా అనుకుని ఉండరు. గైడు మాకు ఇంగ్లిష్‌లో ఇది ప్రాచీన జొరాస్ట్రియన్ల (మన పార్సీలది ఆ మతమే) అగ్ని ఆలయం అని చెబుతుంటే, ఆవిడ కళ్లజోడు సవరించుకుని ద్వారం పైనున్న రాతి పలకని చదవడం మొదలుపెట్టారు.

"నాయనా, ఇక్కడ శ్రీ గణేశాయ నమః అని ఉందేం?"

ఉంది. దేవనాగరి లిపిలో, ఏ అనుమానానికీ తావు లేకుండా. విక్రమ సంవత్సరం 1866, అంటే మన లెక్కలో 1809 చివరో 1810 మొదలో. శ్రీ జ్వాలాజీ కోసం ఫలానా ఊరి ఫలానా సన్యాసి దర్వాజా కట్టించాడని రాసుంది. చదవగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మన ఊళ్లో గుడి ఫ్యాను మూడు రెక్కల మీదా మూడు ముక్కలుగా దాత పేరు రాయించే సంప్రదాయం ఎంత దూరం వ్యాపించిందో చూడండి! సర్వసంగ పరిత్యాగి అన్నీ వదిలేశాడు, దర్వాజా మీద పేరు మాత్రం వదల్లేదు. టీచరుగారి దృష్టి వేరే చోట ఉంది.

"బనాయాకి 'ణ' పెట్టాడు. నిమిత్తం అనాల్సింది నిమత అన్నాడు. రెండు మార్కులు తీసెయ్యాలి."

ఆ గోడల మీద ఇలాంటి పలకలు సంస్కృతం పేరున లెక్కకొచ్చేవి పద్నాలుగు, గురుముఖిలో రెండు, పారశీకంలో ఒకటి. ముల్తాన్ నుంచీ పంజాబ్, సింధు ప్రాంతాల నుంచీ వర్తకానికి వచ్చినవాళ్లూ వాళ్ల వెంట వచ్చిన సాధువులూ 17వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం మొదటి దాకా ఇప్పుడు కనిపించే ఈ కట్టడాన్ని లేపారు. అంతకు ముందు అక్కడ జొరాస్ట్రియన్లు మొక్కేవారని గైడు చెప్తాడు. నేల నుంచి మంట వస్తుంటే ఎవరు మాత్రం మొక్కకుండా ఉంటారు? తమాషా ఏమిటంటే, 1925లో బొంబాయి నుంచి పార్సీ పండితుడు జీవన్‌జీ జంషెడ్‌జీ మోదీ స్వయంగా ఇక్కడికి వచ్చి, అంతా కలయజూసి, అబ్బే ఇది మాది కాదు, హిందువులదే అని తేల్చేశారు. లోకంలో గుడి మాదంటే మాదని కొట్టుకునేవాళ్లని చూశాం గానీ, మాది కాదు మీరే ఉంచుకోండి అన్న కేసు ఇదొక్కటే అయ్యుంటుంది. ఇలాంటి ఉదాత్తతను పెద్దగా ప్రచారం చెయ్యకూడదు, మన దగ్గర బోలెడు వ్యాజ్యాలు ఆగిపోతాయి.

మన సికింద్రాబాద్ ఎం.జి. రోడ్డులోనూ పార్సీల అగ్ని గుడి ఉంది. పార్సీ కానివాళ్లు అటు తొంగి చూడడానికి కూడా వీల్లేదు. అక్కడ అగ్నికి కట్టెలు వేసి, వేళకి చూసుకుని, ఆరకుండా కాపాడే మనుషులున్నారు. సురఖానిలో ఎవరైనా లోపలికి రావచ్చు, టికెట్ ఉంటే చాలు. మనుషుల్ని చూసుకోవడానికి టికెట్ కౌంటరు, మంటని చూసుకోవడానికి గొట్టం.

గొట్టం సంగతి నిదానంగా చెబుతాను, అసలు కథ అక్కడే ఉంది.

18వ శతాబ్దంలో జోనాస్ హాన్వే అనే ఇంగ్లిష్ వర్తకుడు ఈ ప్రాంతం గురించి రాసిపెట్టాడు. మంట దగ్గర నలభై యాభై మంది భారతీయ భక్తులు ఉండేవారట, అడవి ఆకులూ దుంపలూ తిని బతికేవారట. అది సరే. ఆ చుట్టుపక్కల జనం ఇళ్లలో చేసే పని ఇంకా బాగుంది. మట్టి నేలలో రెండంగుళాల లోతున ఓ రెల్లు గొట్టం, లేదా కాగితం గొట్టం, గుచ్చుతారు. చుట్టూ మట్టి మెత్తుతారు. పైన నిప్పు చూపిస్తే వెలుగుతుంది, గొట్టం మాత్రం కాలదు. రాత్రి దీపం అదే. మూడు నాలుగు గొట్టాలు దగ్గరగా పెడితే కుండలో నీళ్లు మరుగుతాయి, వంటా అయిపోతుంది. అంటే సుమారు 270 ఏళ్ల కిందటే ఇంటింటికీ పైప్డ్ గ్యాస్. ఆధార్ లేదు, ఈకేవైసీ లేదు, డెలివరీ కుర్రాడికి చేతిలో పెట్టే ముప్ఫై రూపాయలు లేవు. ఒకే మంటకి గుడిలో సాష్టాంగం, గుడి అవతల అన్నం. దేవుడు కూడా రెండింటికీ సరిపడా వస్తున్నాడు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది.

తర్వాత దేవుడి విలువ తెలిసినవాళ్లు వచ్చారు. సాధువులకి తెలిసింది మహిమ మాత్రమే, వీళ్లకి ధర తెలుసు. 1850ల చివర్లో రష్యన్ వ్యాపారి కోకరెవ్ గుడి పక్కనే కిరసనాయిలు ఫ్యాక్టరీ పెట్టించాడు. 1858లో ఫ్రెంచి నవలాకారుడు అలెగ్జాండర్ డ్యూమా గుడి చూడ్డానికొచ్చాడు. ఆ తర్వాత మూలకాల పట్టిక తయారుచేసిన మెండలీవ్ 1863లో వచ్చాడు, కాకపోతే ఆయన వచ్చింది ఫ్యాక్టరీ పని మీద. ఎవరి పుణ్యక్షేత్రం వాళ్లది. 20వ శతాబ్దం మొదలయ్యేసరికి ప్రపంచంలో తీసే ముడి చమురులో సగం దాకా ఈ బాకు ప్రాంతం నుంచే. 1883 నాటికే గుడిలో సాధువులు ఖాళీ చేశారు. గంగిరెద్దులు మాత్రం తలాడిస్తూనే ఉన్నాయి.

తోడగా తోడగా, 1969లో మంట ఆరిపోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మామూలు మనుషులైతే ఏడ్చేవారు, శాంతి చేయించేవారు, పూజారి మీద నెపం వేసేవారు. ఇక్కడివాళ్లు సమస్యని ఇంజనీర్లకి అప్పగించారు. నేల కింది గ్యాస్ అయిపోయిందా? బాకు నుంచి గొట్టం వేసి గ్యాస్ తెప్పించండి. 1975లో గుడి మ్యూజియం అయింది, 2007లో ప్రభుత్వం రక్షిత స్థలంగా ప్రకటించింది. మంట మళ్లీ వెలుగుతోంది, మునుపటి చోటే, మునుపటి మండపం కిందే. దేవుణ్ణి కింద నుంచి హోల్‌సేల్‌గా తోడి అమ్మేసుకుని, పై నుంచి రిటైల్‌గా తెచ్చి కూర్చోబెట్టారు. పాతకాలపు దేవుడు ఎంత మండాలో ఆయనే నిర్ణయించుకునేవాడు. ఈయన మనం తిప్పినంత మండుతాడు. సిమ్‌లో కూడా పెట్టుకోవచ్చు. భక్తుడికి ఇంతకంటే భరోసా ఇచ్చే దైవం ఏ మతంలో ఉంది?

ఇందులో మా తెలుగువాళ్లం సిగ్గుపడాల్సిన విషయం కూడా ఉంది. 1995 జనవరిలో కోనసీమలో పాసర్లపూడి దగ్గర గ్యాస్ బావి పేలి మంట ఆకాశానికి లేచింది. ఒక రోజూ రెండ్రోజులూ కాదు, 65 రోజులు. సురఖాని మంట దాని ముందు అగరుబత్తి. ఒక్కరంటే ఒక్కరు గుడి కట్టలేదు, దర్వాజా మీద పేరు చెక్కించుకోలేదు. ఊళ్లు ఖాళీ చేసి పరుగెత్తారు. అమెరికా నుంచి నిపుణుల్ని పిలిపించి మరీ ఆర్పించారు. భూమిలోంచి దానంతటది లేచిన జ్వాలని ఆర్పినవాళ్లం, గొట్టంలోంచి వచ్చే జ్వాలకి విమానమెక్కి వెళ్లి దణ్ణం పెడుతున్నాం. దేవుడైనా సరే, ఒక రెగ్యులేటర్ ఉంటేనే మనకి భక్తి కుదురుతుంది.

సాయంత్రం బాకు నగరంలో ఫ్లేమ్ టవర్స్ చూపించారు. మంట ఆకారంలో మూడు అద్దాల మేడలు, పెద్దది 182 మీటర్లు. చీకటి పడగానే వాటి ఒళ్లంతా ఎల్‌ఈడీ మంటలు. నిజం మంట కంటే బాగున్నాయి, గాలికి వాలవు. ఆ దేశంలో కరెంటు ఎక్కువ భాగం గ్యాస్ కాల్చి తీసిందే కాబట్టి ఇదీ ఒకరకంగా అగ్నిహోత్రమే అనుకోవాలి, కాకపోతే యజ్ఞకుండం ఊరవతల ఎక్కడో ఉంటుంది.

2024 నవంబర్‌లో భూమి వేడెక్కిపోతోందని బెంగపడే దేశాలన్నీ వాతావరణ సదస్సు పెట్టుకున్నదీ ఈ ఊళ్లోనే. ఆ సదస్సు మొదట్లో దేశాధ్యక్షుడు అలియేవ్ గారు చమురూ గ్యాసూ దేవుడిచ్చిన వరమని, అవి ఉన్నందుకు ఏ దేశాన్నీ నిందించకూడదని అన్నారు. చాలామంది నొచ్చుకున్నారు. నేను నొచ్చుకోను. శాస్త్రప్రకారం ఆయన మాట తప్పేమీ కాదు, సురఖాని సాధువులు నమ్మిందీ అదే. దేవుడిచ్చింది అన్నాక సాధువు చేతులు జోడించాడు, ప్రభుత్వం గొట్టం జోడించింది. తేడా జోడింపులోనే ఉంది.

ఇక రాజకీయం. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ తర్వాత అజర్‌బైజాన్ పాకిస్తాన్ పక్షం మాట్లాడిందని మన ట్రావెల్ కంపెనీలు కొన్ని బుకింగ్‌లు ఆపేశాయి. మేం అంతకు ముందే వెళ్లొచ్చాం, కాబట్టి దేశభక్తి చూపించే అవకాశం కొద్దిలో తప్పిపోయింది. గణపతికి నమస్కారంతో మొదలైన గుడి, కట్టినవాళ్ల ముల్తాన్ ఇప్పుడు పాకిస్తాన్‌లో, గుడి అజర్‌బైజాన్‌లో, అలిగినవాళ్లం మనం. ఎవరి మీద ఎవరు ఎందుకు అలగాలో ఆ సన్యాసి రాతి పలక మీద చెక్కించి ఉంటే బాగుండేది.

నా వైపు నుంచి ఒక్క సూచన. ఆ గ్యాస్ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో గైడుని అడిగాను, నవ్వి ఊరుకున్నాడు. అది జ్వాలాజీ పేరునే ఉండాలి. వినియోగదారు పేరు: అగ్ని. తండ్రి పేరు దగ్గర పురాణాల్లో రెండు మూడు అభిప్రాయాలున్నాయి, ఈకేవైసీ కొంచెం ఆలస్యం కావచ్చు. సబ్సిడీ స్వచ్ఛందంగా వదులుకోమని మెసేజ్ వస్తే, దేవుడు గనక ఆలోచించకుండా వదిలేస్తాడు. మనుషుల విషయంలో ఆ హామీ ఇవ్వలేను.

టీచరుగారు ఇవేమీ పట్టించుకోలేదు. మండపం ముందు చాలాసేపు నిలబడ్డారు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కర్పూరం పొట్లం తీసి, కాసేపు చేతిలో పట్టుకుని, ఏమనుకున్నారో మళ్లీ లోపల పెట్టేశారు. అడ్డు గొలుసు ఇవతలి నుంచే రెండు చేతులూ మంట వైపు చాచి, కళ్లకద్దుకున్నారు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. మచిలీపట్నం నుంచి కోడలు. బండ అయిపోయిందట, కుక్కరు సగంలో ఆగిపోయిందట, బుక్ చేస్తే రేపటి దాకా రాదట.

"కంగారెందుకమ్మా, స్టోర్‌రూమ్‌లో రెండోది ఉందిగా. తగిలించుకో," అన్నారు టీచరుగారు, మంట వైపే చూస్తూ.