అణచడం అన్నిచోట్లా చెడ్డది కాదు

‘లోపల అణచిపెట్టిన ప్రతిదీ చివరికి రోగమై బయటపడుతుంది’ అని మీరు ప్రచురించిన ఒక వ్యాసంలో రాశారు. మనసు విషయంలో ఇది కొంతవరకు నిజమే. 1987లో మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ బృందం తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని చెబితే, జనానికి అదే పదేపదే గుర్తొచ్చింది. కానీ ఇదే మాటను ఒంట్లో దేన్నో అణచి ఉంచే మందులకూ అంటగట్టడం చూసి నాకు భయమేసింది.

కిడ్నీ మార్పిడి అయినవాళ్లు రోగనిరోధక శక్తిని అణచే మందులు ఆపేస్తే, శరీరం ఆ కిడ్నీని తిరస్కరిస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు రోజూ మందులు వేసుకుని వైరస్‌ను పరీక్షలో కనబడనంతగా అణచి ఉంచితే, లైంగిక సంబంధం ద్వారా అది ఇంకొకరికి సోకదు. వైరస్ పూర్తిగా పోదు, మందు మానితే మళ్లీ పెరుగుతుంది. అయినా ఎంత పెద్ద విజయమండీ ఇది!

మనసులోనూ అంతే, ఆపరేషన్ మధ్యలో సర్జన్ తన టెన్షన్‌ను కాసేపు పక్కన పెట్టడం జబ్బు కాదు. మనోవైద్యుడు జార్జ్ వేలెంట్ దీన్ని మనసు తనను తాను కాపాడుకునే పద్ధతుల్లో పరిణతి ఉన్నవాటిలో చేర్చారు. ఏళ్ల తరబడి దుఃఖాన్ని ఎవరికీ చెప్పుకోకపోవడం వేరు.

దయచేసి మందుల గురించిన పేరా సవరించండి. అది చదివి ఎవరైనా మాత్రలు మానేసే ప్రమాదం ఉంది.