నాగసాకికి వేరే ఉత్తర్వు లేదు

అణుబాంబు వేయకపోతే జపాన్ గడ్డ మీద సేనలను దించాల్సి వచ్చేదని, అందులో రెండువైపులా ఇంకా ఎక్కువమంది పోయేవారని ఒక వాదన. 1947లో మాజీ యుద్ధమంత్రి స్టిమ్సన్ పది లక్షల మంది అమెరికన్ సైనికులు చనిపోవడమో గాయపడటమో జరిగేదని లెక్క రాసినప్పటి నుంచి చర్చ ఆ అంకె చుట్టూనే తిరుగుతోంది. కాసేపు ఆ లెక్కే ఒప్పుకుందాం. ఒప్పుకున్నా అది హిరోషిమా దాకానే పనికొస్తుంది.

1945 జులై 25న అమెరికా తాత్కాలిక సైన్యాధిపతి జనరల్ హ్యాండీ పంపిన ఉత్తర్వు చూడండి. ఆగస్టు 3 తర్వాత, కంటికి గురి కనిపించే వాతావరణం ఉన్న వెంటనే హిరోషిమా, కొకురా, నిగాటా, నాగసాకిలలో ఒకదానిపై మొదటి బాంబు. ఆపై బాంబులు తయారైన కొద్దీ మిగతావాటిపై. రెండోదానికి అధ్యక్షుడు ట్రూమన్ మళ్లీ సరే అనాల్సిన పని లేదు. మొదటి దెబ్బకు టోక్యో ఏమంటుందో చూడటానికి గడువూ లేదు. లొంగిపొమ్మన్న పోట్స్‌డామ్ ప్రకటన కూడా ఈ ఉత్తర్వు వెళ్లిన మర్నాడే వెలువడింది!

రెండో బాంబుకు మొదట అనుకున్నది ఆగస్టు 11. ఆ రోజుల్లో వాతావరణం పాడవుతుందన్న సూచనతో 9కి జరిపారు. జపాన్ అణుశాస్త్రవేత్త నిషినా హిరోషిమా చేరి, అది అణుబాంబేనని తేల్చింది 8న. అదే రోజు సోవియట్ యూనియన్ యుద్ధం ప్రకటించింది. రెండూ టోక్యో పెద్దల బుర్రకెక్కేలోపే విమానం బయల్దేరింది. గురి నాగసాకి కూడా కాదు, కొకురా. అక్కడ పొగ, మబ్బు కమ్ముకోవడంతో మూడుసార్లు తిరిగి, ఇంధనం తగ్గిపోతుంటే నాగసాకికి మళ్లారు. 11.02కి బాంబు ఆ నగరంలో అనుకున్న చోటికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో, ఉరకామి లోయ మీద పేలింది. ఆ ఏడాది చివరికి దాదాపు 70 వేల మంది చనిపోయారు. ఏ ఊరు చావాలో మబ్బులు తేల్చాయి.

‘ఒక్కటే ఉందనుకుంటారు, రెండోదీ చూపించాలి’ అన్న సమర్థన తీసిపారేయదగ్గది కాదు. అమెరికా దగ్గర ఇలాంటివి ఎన్నో ఉండవని జపాన్ సైన్యాధికారులు కొందరు వాదించిన మాట నిజమే. అయితే చూపించడానికి హిరోషిమా తర్వాత మూడు రోజులే ఎందుకు, వారం ఎందుకు కాదు? దానికి జవాబు యుద్ధనీతిలో దొరకదు, బాంబు బిగింపు షెడ్యూల్‌లో దొరుకుతుంది. పైగా ఆ ఉదయం టోక్యోలో ఆరుగురు సభ్యుల యుద్ధమండలి సమావేశంలో ఉండగానే నాగసాకి కబురు అందింది. లొంగిపోవడానికి చక్రవర్తి పీఠం ఒక్కటి నిలిస్తే చాలని ముగ్గురు, దానితో కలిపి నాలుగు షరతులు కావాలని ముగ్గురు. కబురు తర్వాతా ఆ చీలిక అలాగే ఉంది. ఆ రాత్రి చక్రవర్తి కలగజేసుకుంటేనే ముడి వీడింది. ఆయన్ని కదిలించింది హిరోషిమానా, సోవియట్ దాడా అని చరిత్రకారులు ఇంకా తగవులాడుకుంటున్నారు. నాగసాకి ఒక్కటే కదిలించిందనేవాళ్లు అరుదు.

ఆగస్టు 10న, 17 తర్వాత మూడో బాంబు వేయడానికి సిద్ధమని అణుబాంబు ప్రాజెక్టు అధిపతి జనరల్ గ్రోవ్స్ నోట్ పంపారు. దాని మీదే, అధ్యక్షుడి స్పష్టమైన అనుమతి లేకుండా జపాన్ మీద వేయరాదని సైన్యాధిపతి జార్జ్ మార్షల్ చేత్తో రాశారు. మరో లక్షమందిని తుడిచిపెట్టడమన్న ఆలోచనే భయంకరమని ట్రూమన్ ఆ రోజు తన మంత్రివర్గంతో అన్నట్టు వాణిజ్యమంత్రి వాలెస్ డైరీలో ఉంది. మార్షల్ రాసిన ఆ ఒక్క వాక్యం జులై 25 ఉత్తర్వులో లేదు.