కినుయో తనకా ‘మిజోగుచి హీరోయిన్’ కాదు

పొద్దున్నే ఒక సినిమా పేజీలో పాత ఫోటో కనబడింది. కింద ఒకే ఒక్క లైను: ‘కినుయో తనకా, మిజోగుచి హీరోయిన్’. తనకా జపాన్ నటి, మిజోగుచి అక్కడి పేరున్న దర్శకుడు. ఆ లైను చూసిన దగ్గర్నుంచి ఒళ్లు మండిపోతోంది.

1924లో షోచికు స్టూడియోలో చేరేనాటికి ఆవిడకి పద్నాలుగేళ్లు. 1931లో వచ్చిన జపాన్ తొలి పూర్తి టాకీలో ఇల్లాలి వేషం ఆవిడదే. మొత్తం సినిమాలు రెండొందల యాభై పైమాటే. ఇదంతా ఆ ఒక్క పేరు కింద అణిగిపోవాలా?

సరే, మిజోగుచి దగ్గరికే వద్దాం. ‘ఉగెత్సు’ (1953) చివర్లో భర్త ఇంటికి తిరిగొస్తాడు. ఇల్లు చీకటి, పొయ్యి చల్లారి ఉంటుంది. పిలుచుకుంటూ వెనక గుమ్మంలోంచి బయటికెళ్లి ఇంటిని చుట్టి వస్తుంటే, లోపల కెమెరా మెల్లగా వెనక్కి తిరుగుతుంది. ఇందాకటి ఖాళీ గదిలోనే పొయ్యి మండుతోంది, పక్కన భార్య వేషంలో తనకా కూర్చుని ఉంది. మధ్యలో కట్ లేదు. ఆ కొన్ని క్షణాల్లోనే ఆవిడ వచ్చి కూర్చోవాలి, ఆయాసం కనపడకూడదు, ఏళ్ల తరబడి అక్కడే ఎదురుచూస్తున్నట్టు ఉండాలి. ఒక్క సెకను అటూ ఇటూ అయితే షాట్ మొత్తం మళ్లీ మొదటికి. మిజోగుచి క్లోజప్ అరుదుగానే ఇచ్చేవాడు, అందుకే ఆవిడ వీపుతో, మెడతో, నడకతో నటించింది. ‘ఓహరు’ (1952)లో పడుచుపిల్ల నుంచి ముసలి బిచ్చగత్తె దాకా వయసంతా ఆ నడకలోనే చూపించింది, అప్పటికి తనకి నలభై దాటాయి.

ఇక అసలు సంగతి. అదే 1953లో ఆవిడ మెగాఫోన్ పట్టింది. ఊరికే పట్టలేదు, ముందు నరుసే అనే దర్శకుడి దగ్గర అసిస్టెంటుగా పని నేర్చుకుంది. మొదటి సినిమా ‘కోయిబుమి’, అంటే ప్రేమలేఖ. అమెరికన్ సైనికులకి ఆడవాళ్లు పంపే ఉత్తరాలు డబ్బులు తీసుకుని రాసిపెట్టే ఒక మగాడి కథ. మరుసటి ఏడాది కాన్ చిత్రోత్సవం పోటీకి వెళ్లింది. రెండో సినిమాకి మరో పెద్ద దర్శకుడు ఓజు స్క్రిప్టు ఇచ్చాడు. ఆవిడ దాన్ని తియ్యకుండా అడ్డుపడిందెవరో తెలుసా? దర్శకుల సంఘం పెద్దగా ఉన్న మిజోగుచే! ఆ మనిషి పేరునా ఈవిడకి బిరుదుగా తగిలిస్తారు?

ఆవిడ ఆగలేదు. 1962 దాకా మొత్తం ఆరు సినిమాలు తీసింది. రొమ్ము క్యాన్సర్‌తో పోయిన ఒక కవయిత్రి కథని 1955లో తీసింది. ఆపరేషన్ తర్వాత ఆ మనిషి ఒంటిని, కోరికని దాచకుండా చూపించింది. ఆ రోజుల్లో ఎంత మంది మగ దర్శకులకి ఆ ధైర్యం ఉంది?

ఇది జపాన్ రోగం మాత్రమే అనుకోకండి. అదే 1953లో మన భానుమతి ‘చండీరాణి’ మూడు భాషల్లో డైరెక్ట్ చేసింది. భానుమతి పొగరు గురించి వంద కథలు చెప్పుకుంటాం, ఆ మూడు భాషల సంగతి ఎంతమంది చెబుతారు? సావిత్రి సంగతైతే మరీ అన్యాయం. 1968లో ‘చిన్నారి పాపలు’ తీసిన మనిషి. దర్శకురాలిగా ఆవిడ గురించి మనవాళ్లు రాసేది ఒకటే వాక్యం: ‘సినిమాలు తీసి ఆస్తి పోగొట్టుకుంది’. మగాడు ఇల్లు తాకట్టు పెట్టి సినిమా తీస్తే సినిమా పిచ్చోడని నెత్తిన పెట్టుకుంటాం. ఆడమనిషి తీస్తే చేతులు కాల్చుకుందని జాలిపడతాం. ఫ్రేము ఎలా పెట్టింది, పిల్లల చేత ఎలా నటింపజేసింది అని ఒక్కరు రాయరు. ఏళ్లుగా చూస్తున్నాం ఇదే తంతు.

తనకాని జపాన్ పత్రికలూ వదల్లేదు. 1950లో అమెరికా నుంచి నల్లకళ్లద్దాలతో దిగి, జనానికి గాల్లో ముద్దులు విసిరిందని ఏకిపారేశారు. తర్వాత రెండేళ్లకే ‘ఓహరు’. 1974లో ‘సందకన్ 8’లో ఒకప్పుడు బోర్నియోకి అమ్ముడుపోయిన ముసలామెగా చేసి, మరుసటి ఏడు బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి సిల్వర్ బేర్ గెలిచింది. అప్పటికి అరవై అయిదేళ్లు. మిజోగుచి పోయి పద్దెనిమిదేళ్లు దాటింది. అది కూడా ఆయన ఖాతాలోనే రాస్తారా?

ఆ పేజీ నడిపేవాళ్లకి ఒకటే మాట. ఫోటో ఉంచండి, లైను మార్చండి. ‘నటి, దర్శకురాలు’ అని రాయండి.