మహారాజశ్రీ పెట్రోలు ముల్లు గారికి

ఉభయకుశలోపరి. నా క్షేమం ప్రస్తుతం మీ చేతుల్లోనే ఉంది. రైల్వే గేటు పడింది. ఇంజిన్ ఆపేసి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరేమో ఎర్రగీత మీద పడుకుని, తలాపున దీపం కూడా పెట్టించుకున్నారు.

మీ పక్కనే ఉండే ఓడోమీటర్ గారు కారు తిరిగిన ప్రతి కిలోమీటరుకూ లెక్క చెబుతారు. ట్యాంకులో ఎన్ని లీటర్లున్నాయండీ అని మిమ్మల్ని అడిగితే మాత్రం ‘ఏదో, సగానికి కాస్త అటూ ఇటూ’ అంటారు. ఫుల్ ట్యాంక్ కొట్టించాక ఎంత తిరిగినా కదలరు. సగం దాటారో, ఇక జారుడుబల్లే.

ఉండబట్టలేక మీ గుట్టు ఆరా తీశాను. ట్యాంకులో ఒక కడ్డీ, దాని చివర తేలే బెండు. అది దిగేకొద్దీ కరెంటు నిరోధం మారుతుంది, ఆ కబురే మీకు చేరుతుంది. అంటే మీకు తెలిసేది పెట్రోలు ఎత్తు ఒక్కటే, లీటర్లు కాదు. పోనీ ట్యాంకు చక్కటి డబ్బాలా ఉంటుందా? సీటు కింద, ఇనుప గొట్టాల మధ్య దొరికిన చోటల్లా దూరిన వంకరటింకర బుంగ! పైన ఒక అంగుళం తగ్గడం వేరు, అడుగున ఒక అంగుళం తగ్గడం వేరు.

ఒకరోజు వాలు మీద కారు ఆపి చూస్తే పావు ట్యాంకు మాయం. లీకేమోనని టెన్షన్ పడి, మోకాళ్ల మీద కూర్చుని కారు కింద తడిమాను. చేతికి మట్టి తప్ప చుక్క తగల్లేదు. చదునుకు వచ్చాక మీరు ఏమీ ఎరగనట్టు మెల్లగా లేచారు. మెల్లగానే! మలుపుల్లో పెట్రోలు తొణికినప్పుడల్లా ఊగకుండా మిమ్మల్ని కావాలనే నిదానస్తులుగా తయారు చేశారట.

నాకు అసలు పేచీ ఎర్రగీత దగ్గర. మీరు ‘ఖాళీ’ అన్నాక కూడా అడుగున కాస్త ఉంటుంది. రోడ్డు మధ్యలో ఆగిపోకూడదనీ, పెట్రోల్లో మునిగి చల్లబడే పంపు వేడెక్కకూడదనీ అలా ఉంచుతారు. మంచిదే. కానీ ఆ సంగతి నాకు తెలిసిపోయిందే! గడియారం పది నిమిషాలు ముందుకు తిప్పుకున్నవాడు ఆ పది నిమిషాలు కూడా నిద్రపోయినట్టు, మీరు దాచిన పెట్రోలు మీదే నా షికార్లు.

మీ తమ్ముడు, ఆ డిజిటల్ అంకెలాయన, మరీ ఘనుడు. ‘ఇంకా 47 కిలోమీటర్లు’ అంటాడు. ఎత్తు ఎక్కడం మొదలుపెట్టగానే 31. ఇప్పటిదాకా తాగిన తీరును బట్టి వేసిన అంచనాకి అంత ధీమా ఎందుకో! మీ ఇంట్లో ఖచ్చితంగా నిజం చెప్పేది బంకు బొమ్మ పక్కన ఉండే చిన్న బాణం ఒక్కటే. మూత ఎటువైపుందో చూపిస్తుంది. 1986లో ఫోర్డ్ ఇంజినీరు జిమ్ మోయ్‌లన్, బంకులో కారు తప్పు వైపు ఆపి వానలో తడిశాక ఆ ఆలోచన చేశాడు.

గేటు లేస్తోంది. బంకు ఇంకో రెండు మలుపుల అవతల ఉంది. ఏసీ ఆపేశాను. ఇన్నాళ్లూ ఆడిన అబద్ధం ఆ రెండు మలుపులూ ఆడండి చాలు.

ఇట్లు,
ఎర్రదీపం వెలిగిన ప్రతిసారీ ‘రేపు కొట్టిద్దాంలే’ అనుకునే మీ డ్రైవరు