మా ఆవిడ పెట్టిన టోపీ

మా ఆఫీసులో అకౌంట్స్ చూసే పెద్దాయనది కాంగో రాజధాని కిన్షాసా. ఆయన్ని అందరం ‘పాపా’ అంటాం. కాంగోలో పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవరట. మగవాళ్ళయితే పాపా, ఆడవాళ్ళయితే మామా. మనం బాబాయ్, పిన్నీ అన్నట్టే. పద్ధతి బాగుందని నేను ఫోన్లో కూడా తెలుగులో శుభ్రంగా ‘పాప’ అని సేవ్ చేసుకున్నాను. దీర్ఘం పెట్టకపోవడం నా తప్పే.

గురువారం రాత్రి అన్నం తింటుంటే ఫోన్ టింగుమంది. మా ఆవిడ పప్పు వడ్డిస్తూనే చదివేసింది. ‘పాప: శనివారం సాయంత్రం తప్పకుండా రా. నా పక్క సీటు నీకోసం ఆపుతాను.’

“ఎవరండీ ఈ పాప?”

“అరవై రెండేళ్ళు. బట్టతల. ముగ్గురు మనవలు.”

ఆఫీసు పిక్నిక్ ఫొటో చూపించాక గానీ గరిటె కంచం దాకా రాలేదు.

సంగతేంటంటే, న్యూయార్క్‌లోని హార్లెంలో కాంగో వాళ్ళూ వాళ్ళ స్నేహితులూ కలిసి సినిమా పండగ చేస్తున్నారు. అరవై కుర్చీల చిన్న హాలు. సినిమాలు, చర్చ, భోజనం, చివర్లో డాన్సు. జెర్సీ సిటీలో పదకొండేళ్ళుగా ఉంటున్నా నేను హార్లెం మొహం చూసింది లేదు. సరే వెళ్దామనుకున్నాను. ఆ ఉత్సాహంలో మా ఆవిడకి సాపూర్ల గురించి కూడా చెప్పాను. కాంగోలో వాళ్ళదో షోకుల ముఠా. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా సరే, ప్యారిస్ సూటు, అద్దంలా మెరిసే బూట్లు వేసుకుని వీధిలో నడవాల్సిందే. ఒంటి మీద మూడు రంగులు మించకూడదన్నది వాళ్ళ శాస్త్రం.

“అంత షోకైన మనుషుల మధ్యకి ఈ గళ్ళ చొక్కాతో వెళ్తారా?” అని ఆవిడ బీరువా అడుగు నుంచి ఒక టోపీ తీసింది. పోయిన చలికాలం క్లియరెన్స్‌లో డెబ్బై శాతం తగ్గించారని కొన్నది. ఆకారానికి గాంధీ టోపీ, ఒళ్ళంతా చిరుతపులి మచ్చలు, ఉత్తుత్తి బొచ్చు. నాకూ అనుమానం వచ్చి నెట్‌లో ‘కాంగో టోపీ’ అని కొట్టాను. మొదటి ఫొటోలోనే అచ్చం అదే టోపీ! కింద దళసరి ఫ్రేము కళ్ళద్దాలు, చేతిలో చెక్కిన కర్ర, మొహంలో మహా ఠీవి. “చూశావా, వాళ్ళ పెద్దమనుషులు పెట్టుకునేది ఇదే” అని నేనే సర్టిఫికెట్ ఇచ్చాను. ఫొటో కింద పేరుంది. చదవలేదు.

గాలికి ఎగిరిపోతుందని మా ఆవిడ, నాకు జుట్టున్న మేరకి రెండు వైపులా పిన్నులు కూడా పెట్టింది.

125వ వీధిలో రైలు దిగి హాలు దాకా నడిచాను. గుమ్మంలో గులాబీ రంగు సూటు వేసుకున్న ఒకాయన నన్ను చూసి, నోట్లో పైపు తీసి పక్కన పెట్టాడు. టికెట్ల బల్ల దగ్గరున్న మామా నా తల చూసింది, మొహం చూసింది, మళ్ళీ తల చూసింది. లోపలికి తిరిగి ఏదో కేకేసింది. తలుపు సందులోంచి ముగ్గురు తొంగిచూశారు. అందులో ఒకడు బూటు కాళ్ళు టపీమని కలిపి, “మారేశాల్!” అని సెల్యూట్ కొట్టాడు.

పాపా దగ్గర నేర్చుకున్న లింగాలా, అంటే వాళ్ళ భాష, ముక్క నాకు ఒకటుంది. నమస్కారానికి ‘ఎంబోతే’ అంటారు. అదే అని, ఎదురు సెల్యూట్ కూడా కొట్టాను. క్యూ అంతా గొల్లుమంది. ఎంత కలుపుగోలు మనుషులో అనుకున్నాను. పాపా వచ్చాడు, నన్ను చూశాడు, దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. “ఏమైంది?” అంటే, “సినిమా చూడు, తెలుస్తుంది” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

సినిమా ముందు ఒకావిడ ఫోన్లు ఆపమంది. “ఫోన్ బ్యాటరీల్లో వేసేది కోబాల్ట్. ప్రపంచం వాడే కోబాల్ట్‌లో సగానికి పైగా మా గనుల్లోదే. మీ జేబుల్లో ఉన్నది మా మట్టి. రెండు గంటలు దాన్ని పడుకోనివ్వండి” అంది. ఫోన్ ఆపమని ఇంత బాగా చెప్పినవాళ్ళని నేను చూడలేదు.

దీపాలు ఆరాయి. తెర మీద మేఘాలు. పాత టీవీ వార్తల ముందు వచ్చే బొమ్మట. మేఘాల్లోంచి దేవుడిలా ఒక మొహం దిగుతోంది. దాని మీద నా టోపీ.

పాపా చెవిలో చెప్పడం మొదలుపెట్టాడు. మొబుటు సెసె సెకో. 1965లో సైన్యంతో గద్దెనెక్కి 1997 దాకా దిగనివాడు. 1971లో దేశం పేరు జైర్ అని మార్చాడు. తర్వాత మనుషుల క్రైస్తవ పేర్లు తీయించాడు. పదేళ్ళ పాపాకి బళ్ళో రాత్రికి రాత్రి కొత్త పేరొచ్చింది. సూట్లు, టైలు వద్దన్నాడు. పాపా వాళ్ళ నాన్న ఉన్న ఒక్క టైని ట్రంకుపెట్టె అడుగున దాచుకున్నాడట. మొబుటు మాత్రం గ్బడోలితే అడవిలో పాలరాతి మేడ కట్టి, దాని పక్కన కంకార్డ్ విమానం దిగేంత రన్‌వే వేయించుకున్నాడు. 1982లో తనకి తనే మార్షల్ బిరుదు తగిలించుకున్నాడు. మారేశాల్ అంటే అదన్నమాట. ముప్ఫై రెండేళ్ళు దేశానికి టోపీ పెట్టిన మనిషి టోపీ పెట్టుకుని నేను మూడో వరసలో కూర్చున్నాను.

మెల్లగా తీసేద్దామని లాగాను. పిన్నులు. ఇంకాస్త లాగాను. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి గానీ టోపీ రాలేదు. బాత్రూముకి పోయి తీద్దామని లేచాను. ప్రొజెక్టరు సరిగ్గా నా వెనకే ఉందని లేచాక తెలిసింది. తెర మీద మార్షల్ సైన్యాన్ని తనిఖీ చేస్తున్నాడు. ఆయన పక్కనే నల్లగా, ఆయనకన్నా పెద్దగా, ఇంకో మార్షల్. ఇద్దరికీ అదే టోపీ.

వెనక నుంచి ఒక ముసలాయన గొంతు: “ముప్ఫై రెండేళ్ళు అడ్డం నిలబడ్డావు చాలు! ఇంక కూర్చో!”

హాలు హాలంతా చప్పట్లు. నేను నడుం వంచి పారిపోయాను. టికెట్ల మామా నా తల బల్లదీపం కిందకి వంచి, పేలు చూసినట్టు చూసి, పిన్నులు తీసిపెట్టింది. ఆ పిన్నులతో పాటు వచ్చిన జుట్టు గురించి ఇప్పుడు ఎందుకులెండి.

రెండో సినిమా కాంగో తొలి ప్రధాని లుముంబా మీద. ప్రధానిగా ఉన్నది మూడు నెలలైనా లేదు. తను సైన్యంలో పైకి తెచ్చిన మొబుటే ఆయన్ని పట్టి శత్రువుల చేతికిచ్చాడు. 1961 జనవరి 17న కాల్చి చంపారు. శవాన్ని ఆమ్లంలో కరిగించారు. మిగిలింది బంగారు తొడుగున్న ఒక పన్ను. ఒక బెల్జియం పోలీసు దాచుకున్న ఆ పన్ను 2022లో గానీ ఇంటివాళ్ళకి అందలేదు. హాల్లో ఎవరూ దగ్గలేదు. నేను టోపీని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను.

చర్చ గంటన్నర సాగింది. “ఆ రోజుల్లో కనీసం క్రమశిక్షణ ఉండేది” అని ఒకాయన అన్నాడు, మిగతావాళ్ళు ఆయన్ని తినేశారు. మా ఊరి రచ్చబండ గుర్తొచ్చింది.

భోజనాల దగ్గర మాత్రం నా పరువు కొంచెం తేరుకుంది. ఫుఫూ అని తెల్లటి ముద్ద పెట్టారు. కర్రపెండలం పిండితో చేస్తారట. మా సామర్లకోట వైపు ఆ దుంపే సగ్గుబియ్యమవుతుంది, ఇక్కడ సంగటయింది. పక్కన పొందు. అదే చెట్టు ఆకుని దంచి, గంటల తరబడి ఉడికించి, పామాయిల్ పోసిన కూర. పులుపు లేని గోంగూర అనుకోండి. నేను ముద్ద విరిచి, బొటనవేలితో గుంట చేసి, కూర ముంచి, నమలకుండా మింగాను. చుట్టూ ఉన్న మామాలు మాటలాపి చూశారు. “వీడికి ఎవరు నేర్పారు?” అని ఒకావిడ అడిగింది. మా రాయలసీమ అత్తగారని ఆవిడకి ఎలా చెప్పను?

సినిమాలో కేకేసిన ముసలాయన ప్లేటుతో వచ్చి పక్కన కూర్చున్నాడు. “ఇండియానా? 1961లో మీ సైనికులు ఐక్యరాజ్యసమితి తరఫున మా కాంగోలోని కటాంగాకి వచ్చారు. నీలం టోపీలు పెట్టుకుని. ఈ టోపీతో వచ్చింది మాత్రం నువ్వొక్కడివే” అంటూ దాన్ని లాక్కుని తన తలకి పెట్టుకున్నాడు. గొడుగుని చేతికర్ర చేసుకుని మొబుటులా నాలుగడుగులు నడిచాడు. అంతే, టోపీ చేతులు మారడం మొదలైంది. అందరికీ ఫొటో కావాలి. గులాబీ సూటాయన మాత్రం ముట్టుకోలేదు. తన మూడు రంగులూ అప్పటికే అయిపోయాయట. ఇంతలో రుంబా మొదలైంది. నన్ను కూడా లాగారు. టోపీ ఎటుపోయిందో చూసుకోలేదు.

ఇంటికొచ్చేసరికి పన్నెండు దాటింది. “టోపీ ఏదండీ?” అంది మా ఆవిడ. రైల్లో పోయిందన్నాను. జరిగిందంతా చెప్పే ఓపిక లేదు.

బల్ల మీద ఫోన్ టింగుమంది. ఆవిడే ముందు చూసింది.

‘పాప: నీ టోపీ నా దగ్గరే ఉండిపోయింది. జేబులో నీ జుట్టు పిన్నులు కూడా.’