రాత్రికి రాత్రి జేసీబీ

బ్లేజ్ పాస్కల్ 1662లో చనిపోయాడు. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి వేస్తే అది అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని ఆయన తేల్చాడు. ఆ సూత్రాన్ని పట్టుకుని ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తెచ్చుకునేసరికి 1795 వచ్చింది. అంటే 133 ఏళ్లు. విజయనగరంలో మేం అదే పనిని రాత్రి ఎనిమిదిన్నరకు మొదలుపెట్టి తెల్లవారేలోపు ముగిస్తున్నాం. అయినా మన దేశం పరిశోధనలో వెనకబడిందని బాధపడేవాళ్లు ఉన్నారు.

మా ఇంట్లో ఈ విప్లవం పెరుగన్నం దగ్గర మొదలైంది. "నాన్నా, రేపు సైన్స్ ఫెయిర్. వర్కింగ్ మోడల్ పట్టుకెళ్లాలి" అన్నాడు ఎనిమిదో తరగతి చదువుతున్న మావాడు. ఎప్పుడు చెప్పారని అడిగితే పదిహేను రోజులైందన్నాడు. ఇన్నాళ్లూ ఏం చేశావని గద్దించబోయి ఆగాను. కరెంటు బిల్లు నేను ఏ రోజున కడతానో వాళ్లమ్మకు తెలుసు.

ప్రాజెక్టును ఎంచుకోవడం ఆషామాషీ వ్యవహారం కాదు. తొందరగా అయిపోవాలి, కదలాలి, చూసేవాళ్లకు నెల రోజులు శ్రమపడినట్టు కనిపించాలి. ముందు అగ్నిపర్వతం అనుకున్నాం. వంటసోడా మీద వెనిగర్ పోస్తే కార్బన్ డయాక్సైడ్ బుసబుసా పొంగుతుంది, ఎర్రరంగు కలిపితే అదే లావా. అసలు అగ్నిపర్వతంలో వంటసోడా ఉండదన్న చిన్న చిక్కు ఉంది గాని, దాన్ని ఇంతవరకు ఎవరూ పట్టించుకున్న దాఖలా లేదు. మన దేశంలో ఇప్పటికీ నిప్పులు కక్కుతున్న అగ్నిపర్వతం అండమాన్ సముద్రంలోని బారెన్ ద్వీపంలో ఒక్కటే ఉంది. మావాడి స్కూల్లో నిరుడు మూడు ఉన్నాయి. పోటీ ఎక్కువని మానుకున్నాం. తరువాత నిమ్మకాయ బ్యాటరీ. ఒక్కో కాయకు ఒక రాగి ముక్క, ఒక జింకు పూత మేకు గుచ్చితే ఒక వోల్టుకు కాస్త తక్కువగా వస్తుంది. ఎర్ర ఎల్ఈడీ వెలగాలంటే రెండు వోల్టుల దాకా కావాలి కనుక మూడు నాలుగు కాయలు వరసగా కలపాలి. ఇంట్లో ఉన్నవి రేపటి పులిహోరకు తెచ్చినవని వంటింట్లోంచి ప్రకటన వెలువడింది. మా ఇంధన రంగం అక్కడితో మూతపడింది.

ఈలోగా మావాడు ఒక అపరిపక్వమైన ఆలోచన చేశాడు. "సిరిమాను చేద్దాం నాన్నా. అది మీటే కదా, లీవరు" అన్నాడు. దసరా వెళ్లిన మంగళవారం మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరుగుతుంది. పొడవాటి చింతమాను, దాని మొదలు బండి మీద, ఆకాశంలోకి లేచిన కొసన పూజారి. మొదలు బరువుకూ కొస బరువుకూ లెక్క కుదరకపోతే అది లేవదు, లేచినా నిలవదు. ఇరుసు ఎక్కడ పడాలో తెలిసిన చేతులు ఈ ఊళ్లోనే ఉన్నాయి, వెళ్లి అడగవచ్చు. కాని దానికి బజారులో కిట్ దొరకదు. వాడు అంతటితో ఆగలేదు. పొందూరులో ఖద్దరుకు పత్తి దువ్వడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు కదా, సన్నటి ఆ పళ్ల మధ్య చెత్త ఎలా ఆగుతుందో చూపిద్దామన్నాడు. తండ్రిగా నాకు భయం వేసింది. ఇంజినీరింగ్ అంటే వైర్లు, పైపులు ఉండాలని, చేప ఎముకలు ఉండకూడదని నచ్చజెప్పి స్కూటరు తీశాను.

గంటస్తంభం దగ్గర ఎలక్ట్రానిక్స్ దుకాణం షట్టరు సగం దించి ఉంది. లోపలాయన తల ఎత్తకుండానే "ఏ తరగతండీ?" అన్నాడు. జిల్లాలో విజ్ఞానశాస్త్రం ఎవరి చేతుల్లో ఉందో నాకు ఆ క్షణంలో తెలిసింది. ఆయన లెక్కలో ఆరో తరగతికి గాలిమర, ఏడో తరగతికి ట్యాంకు నిండితే కూతపెట్టే అలారం, ఎనిమిదో తరగతికి సిరంజిల్లోని నీళ్ల ఒత్తిడితో చెయ్యి ఎత్తే హైడ్రాలిక్ జేసీబీ, తొమ్మిదో తరగతికి చెయ్యి చూపిస్తే మూత తెరుచుకునే చెత్తబుట్ట. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి మనిషి చెత్తబుట్ట మూత తానే తీసుకోలేని స్థాయికి ఎదుగుతాడన్నమాట. "జేసీబీ కిట్లు సాయంత్రమే అయిపోయాయి మాష్టారూ. సామాను విడిగా ఇస్తాను. సిరంజిలు మాత్రం మందుల షాపులో తీసుకోండి" అన్నాడు.

మందుల షాపులో నేను నోరు తెరవకముందే, "సైన్స్ ఫెయిరా అండీ? 10 ఎంఎల్ సిరంజిలు లేవు. పొద్దుటి నుంచి పద్నాలుగు మంది వచ్చారు. 5, 20 ఉన్నాయి. సెలైన్ పైపు ఎంత కావాలి?" అన్నాడు. ఆ రాత్రి ఊళ్లో ఎవరికైనా నిజంగానే ఇంజెక్షన్ అవసరపడి ఉంటే, శాస్త్ర ప్రగతికి వారు చేసిన త్యాగాన్ని ఇక్కడ సవినయంగా స్మరిస్తున్నాను.

పది గంటలకు పని మొదలైంది. ఐస్‌క్రీం పుల్లలు, థర్మాకోల్, వేడి జిగురు. చార్టు మీద ముత్యాల్లాంటి అక్షరాలు వాళ్లమ్మవి, యంత్ర నిర్మాణం నాది, పేరు మావాడిది. వాడు ఊరికే కూర్చోవచ్చు కదా. రెండు సిరంజిలకూ నీళ్లు పట్టి, పైపు తగిలించి, చిన్నదాన్ని నొక్కుతూ పెద్దదాన్ని చూడసాగాడు. "నాన్నా, ఇది నాలుగు సెంటీమీటర్లు దిగితే అది ఒకటిన్నరే లేచింది. కాని నిఘంటువును ఎత్తేసింది. ఎందుకు?" అన్నాడు. ఎందుకంటే పెద్దదాని లోపలి వైశాల్యం చిన్నదానికి సుమారు రెండున్నర రెట్లు. బలం అన్ని రెట్లు పెరుగుతుంది, కదలిక అన్ని రెట్లు తగ్గుతుంది. 10 ఎంఎల్ దొరికి ఉంటే అన్నీ ఒకే సైజు అయ్యేవి, ఈ ప్రశ్నే పుట్టేది కాదు. రాత్రి పదకొండు గంటలకు ఇలాంటివి అడగకూడదని, సందేహాలుంటే పరీక్షలయ్యాక చూద్దామని చెప్పి నిఘంటువును అలమారలో పెట్టేశాను.

పన్నెండింటికి జేసీబీ చెయ్యి లేచింది, ఊగింది, కూలబడింది. పైపులో గాలి బుడగ ఉండిపోయింది. నీరు నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. మనం నొక్కిన దూరంలో చాలా భాగాన్ని బుడగే మింగేస్తుంది. పైపు ఊడదీసి బకెట్లో ముంచి మళ్లీ పడదామన్నాడు మావాడు. అతికించినదంతా ఊడుతుందని నేను ఒప్పుకోలేదు. పైన పసుపురంగు రెండో పూత వేశాను. లోపల డొల్లను పైపూతతో సరిచేయడం మన రోడ్ల మీద, వంతెనల మీద ఏనాడో నెగ్గిన పద్ధతి.

మర్నాడు హాల్లో ఒకే వరసలో ఆరు జేసీబీలు నిలబడ్డాయి. వెనక ఆరుగురు తండ్రులు ఎర్రబడ్డ కళ్లతో, జిగురు కాలిన వేళ్లతో ఒకరినొకరు పలకరించుకోకుండా ఉన్నారు. జడ్జీ వచ్చి "ఇది ఏ సూత్రం?" అన్నారు. "పాస్కల్ సూత్రం సార్." "గుడ్." పక్క బల్ల. "ఇది ఏ సూత్రం?" "పాస్కల్ సూత్రం సార్." "గుడ్." ఆరు సార్లు నిరూపణ కావడంతో ఆ సూత్రానికి ఇక మా ఊళ్లో ఢోకా లేదు. మొదటి బహుమతి 'ప్లాస్టిక్ రహిత భూమి'కి వచ్చింది. ఆ భూమిని ఏడు థర్మాకోల్ షీట్లతో చేశారు.

ఢిల్లీవాళ్లకు ఈ రంగం మీద బొత్తిగా అవగాహన లేదని ఈ సందర్భంగా చెప్పక తప్పదు. ఇన్‌స్పైర్ మనక్ అని ఒక పథకం పెట్టారు. పిల్లవాడి ఆలోచన నచ్చితే 10,000 రూపాయలు ఇస్తారట, మోడల్ చేయడానికి. ముందు ఆలోచన, ఆ తరువాత వస్తువు! షాపులో ఉన్నదేమిటో చూసుకోకుండా ఆలోచించమంటే పిల్లలు ఏమైపోతారు? చేప ఎముకల దాకా వెళ్లిన పిల్లవాడిని నేను కళ్లారా చూశాను.

మావాడికి పాల్గొన్నట్టు సర్టిఫికెట్టు ఇచ్చారు. వ్యవహారం అంతటితో ముగియాలి. మార్కులు పడ్డాయి, చార్టు అటక ఎక్కింది. కాని వాడు ఆ సాయంత్రమే జేసీబీని విప్పేశాడు. సిరంజిలు, పైపు బకెట్లో ముంచి, గాలి లేకుండా నీళ్లు పట్టి, స్నానాల గదిలో గంటసేపు కూర్చున్నాడు. రెండో రోజు నిఘంటువు మీద చెంబు పెట్టాడు. మూడో రోజు చెంబులో నీళ్లు పోశాడు. మార్కులు వచ్చేశాక కూడా ప్రాజెక్టును వదలకపోవడం మా వంశంలో ఎవరికీ లేని లక్షణం.

జబ్బు ముదరకముందే ఏదో ఒకటి చేయాలని మందుల షాపుకు వెళ్లి అడిగాను. వాడిన సిరంజిలు వెనక్కి తీసుకోరట.